లోపలి గొళ్లెం

కారు తలుపు గానీ డిక్కీ గానీ మామూలు పద్ధతిలో తెరుచుకోనప్పుడు, లోపల చిక్కుకున్న మనిషి తన చేత్తోనే గొళ్లెం విడిపించుకుని బయటపడేందుకు చేసిన ఏర్పాటును అత్యవసర పిడి అనవచ్చు. చూడబోతే ఇది చాలా చిన్న వస్తువు. ఒక ప్లాస్టిక్ పిడి, దానికి కట్టిన ఒక తీగ, అంతే. అయినా మోటారు కారు పుట్టిన వందేళ్లకు పైగా గడిచాక గానీ ఏ దేశమూ డిక్కీలో దీన్ని తప్పనిసరి చేయలేదు. ఈ ఆలస్యానికి ఖర్చు కారణమని గానీ, నైపుణ్యం కొరవడిందని గానీ అనడానికి వీల్లేదు. తలుపును ఊహించేటప్పుడు తయారీదారు కళ్ల ముందు ఎప్పుడూ ఇద్దరే మెదిలారు: తాళం చేతిలో ఉన్న యజమాని, తాళం లేని దొంగ. ఇద్దరూ బయట నిలబడినవాళ్లే. లోపల ఇరుక్కున్న మూడో మనిషి, అందులోనూ తాళం సంగతి తెలియని పసివాడు, ఆ ఊహలోకి చాలాకాలం రాలేదు. కార్ల రూపకల్పనలో మనకు వింతగా తోచే నిర్ణయాలను ఈ కోణంలో పరిశీలిస్తే చాలావాటికి అర్థం దొరుకుతుంది. వాటిలో ఏది హానిలేనిదో, ఏది ప్రాణాల మీదికి తెస్తుందో కూడా తేలుతుంది.

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ నుంచి చార్మినార్ వైపు వెళ్తే ఖిల్వత్ దగ్గర చౌమహల్లా ప్యాలెస్ ఉంది. అక్కడ ప్రదర్శనలో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను సింహాసనపు కారు అంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో దానికి ఆర్డరు వెళ్లింది. ఆయన 1911లో కన్నుమూశాక అది ఏడో నిజాం హయాంలో హైదరాబాదు చేరింది. వెనక సీటును ఎత్తుగా, సింహాసనం తీరులో అమర్చారు. ఈనాటి కళ్లతో చూస్తే అది విడ్డూరమైన ఏర్పాటు. కానీ వీధికి ఇరువైపులా నిలబడిన జనానికి పాలకుడు కనబడాలన్నది ఆ కారు పని గనుక, ఆ పనికి ఆ సీటు సరిగ్గా సరిపోయింది. వింత డిజైన్ అంతా తప్పు డిజైన్ కాదు. ఎవరి కోసం, ఏ సందర్భం కోసం చేశారన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న.

మన రోడ్ల మీద అన్నిటికన్నా ఎక్కువగా కనబడే వింతకు కారణం పన్నుల చట్టం. 2006 కేంద్ర బడ్జెట్ చిన్న కార్ల ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. పొడవు 4 మీటర్లు దాటకూడదు, ఇంజను పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిలుదైతే 1,500 సీసీ మించకూడదు అన్నవి షరతులు. హ్యాచ్‌బ్యాకులకు ఇది సహజంగా సరిపోయింది. డిక్కీ ఉంటేనే పూర్తి కారు అనుకునే కొనుగోలుదారు కోసం మాత్రం కంపెనీలు ఉన్న కారు తోక కత్తిరించాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ ఆ దారి తొక్కింది. మారుతి స్విఫ్ట్ డిజైర్ మొదట 4,160 మిల్లీమీటర్ల పొడవుతో, 440 లీటర్ల డిక్కీతో వచ్చింది. 2012లో అదే కారు 3,995 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయింది, డిక్కీ 316 లీటర్లకు దిగింది. ముందు నుంచి చూస్తే నిండైన కారు, వెనక నుంచి చూస్తే ఎవరో నరికేసినట్టున్న కారు. ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా కనబడని ఈ రూపం శాలిబండ, ఆలియాబాద్, ఫలక్‌నుమా రోడ్డు మీద తిరిగే ట్యాక్సీల్లో సర్వసాధారణం. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ శ్లాబుల్లోనూ ఆ 4 మీటర్ల గీత అలాగే ఉంది: గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. కాబట్టి ఈ వింత ఇంకా చాలా ఏళ్లు మనతోనే ఉంటుంది. దీనివల్ల ప్రాణాలకు వచ్చిన ముప్పేమీ లేదు, పెట్టెలు పట్టవు అంతే. అయితే ఈ చిన్న డిక్కీలోనే సీఎన్‌జీ సిలిండరు బిగిస్తారు. దాంతో వెనక సీటుకూ డిక్కీకీ మధ్య ఉన్న దారి కాస్తా మూసుకుపోతుంది. ఈ విషయం ముందు ముందు పనికొస్తుంది.

డిక్కీ గొళ్లెం పనితీరు తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. మూతకు బిగించిన పెట్టెలాంటి భాగంలో స్ప్రింగుతో తిరిగే ఒక కొక్కెం, దాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న నాలుక ఉంటాయి. కింద బాడీకి యూ ఆకారంలో వంచిన ఇనప కడ్డీ ఉంటుంది. మూత దించగానే కొక్కెం ఆ కడ్డీ చుట్టూ తిరుగుతుంది, నాలుక దాని పంటిలో పడుతుంది, డిక్కీ మూసుకుంటుంది. తెరవడమంటే ఆ నాలుకను ఒక అంగుళమో అంతకన్నా తక్కువో వెనక్కి లాగడమే. అంబాసడర్ రోజుల్లో ఆ పని బయట నుంచి తాళంచెవితో జరిగేది. తర్వాతి కార్లలో డ్రైవరు సీటు పక్కన, కింద, పెట్రోలు మూత మీటను ఆనుకుని ఇంకో మీట వచ్చింది. అక్కడి నుంచి కారు నేల వెంబడి కార్పెట్ కింద ఒక తీగ డిక్కీ దాకా పోతుంది. ఇప్పటి కార్లలో తీగకు బదులు చిన్న మోటారు, దాన్ని కదిపే బటను ఉంటున్నాయి. ఇంజనీర్లు ఇన్నిసార్లు ఇన్ని రకాలుగా మార్చినా, నాలుకకు లోపలి వైపు నుంచి రెండంగుళాల తీగ వేలాడదీసి చివర ఒక పిడి తగిలిద్దామన్న ఆలోచన మాత్రం వాళ్లంతట వాళ్లకు రాలేదు.

ఆ ఆలోచన చట్టం రూపంలో రావడానికి ముందే అమెరికాలో దానికొక పూర్వరంగం ఉంది. 1950లలో పాత ఫ్రిజ్‌లకు బయట గొళ్లెం ఉండేది. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు బయటికి రాలేక చనిపోయేవారు. 1956లో అక్కడి ప్రభుత్వం ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలని చట్టం చేసింది. మన ఇళ్లలో ఇవాళ ఫ్రిజ్ తలుపుకు గొళ్లెం లేకుండా అంచున అయస్కాంతపు రబ్బరు ఉండడం వెనక ఆ చట్టం ప్రభావం ఉంది. ఆ సందర్భంలోనే పరిశోధకులు రెండు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలు 201 మందిని, బయట పెద్దల కాపలాతో, మూసిన పెట్టెల్లో ఉంచి వాళ్ల ప్రవర్తన గమనించారు. ఫలితాలు 1958లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి. దాదాపు నాలుగో వంతు పిల్లలు బయటపడే ప్రయత్నమే చేయలేదు, లేదా చేసీ చేయనట్టు చేశారు. సుమారు 39 శాతం మంది మాత్రమే ఒక పద్ధతిగా ప్రయత్నించారు. మిగతావాళ్లు గింజుకున్నారు. ఐదేళ్ల పిల్లల్లో సగం మంది నోరెత్తి అరవనేలేదు. పిల్లవాడు ఇరుక్కుంటే ఏడుస్తాడు, ఏడిస్తే వినబడుతుంది అనే పెద్దల నమ్మకానికి ఇంతకన్నా బలమైన ఖండన అవసరం లేదు. బయటపడిన పిల్లల విషయంలో వయసుతో పాటు తలుపుకు పెట్టిన పరికరం ఎలాంటిదన్నది కూడా ఫలితాన్ని నిర్ణయించింది. అంటే లోపం పిల్లవాడిలో వెతకడం కన్నా తలుపులో వెతకడమే దారి.

ఫ్రిజ్‌కు దొరికిన ఈ జ్ఞానం డిక్కీకి చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. 1995 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జానెట్ ఫెన్నెల్ అనే మహిళనూ ఆమె భర్తనూ దుండగులు తుపాకీ చూపించి వాళ్ల కారు డిక్కీలోనే వేసి తీసుకుపోయారు. దోపిడీ ముగిశాక వాళ్లను అలాగే వదిలేశారు. ఆమె చీకట్లో లైనింగు చింపి తడుముతుంటే డిక్కీ తీగ చేతికి తగిలింది. లాగితే మూత తెరుచుకుంది. ఆ తీగ చివర ఒక పిడి ఎందుకు లేదన్న ప్రశ్నను ఆమె ఏళ్ల తరబడి కంపెనీలనూ ప్రభుత్వాన్నీ అడుగుతూ వచ్చారు. 1998 వేసవిలో మూడు వారాల వ్యవధిలో మూడు ఘటనల్లో 11 మంది పిల్లలు డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. అప్పుడు గానీ యంత్రాంగం కదల్లేదు. 2001 సెప్టెంబరు 1 నుంచి అమెరికా మార్కెట్టుకు తయారయ్యే ప్రతి డిక్కీ కారుకూ లోపలి విడుపు తప్పనిసరి అయింది. ఆ 401వ నంబరు ప్రమాణం చాలా స్పష్టంగా ఉంటుంది. మూడేళ్ల పిల్లంత బొమ్మను పెట్టి మూత మూయగలిగితే అది డిక్కీ కింద లెక్క. పిడి చేత్తో లాగేదైతే, మూసిన డిక్కీ చీకట్లో అది కనబడేలా వెలుగో మెరుపో ఉండాలి. లేదంటే మనిషి ఉన్నట్టు పసిగట్టి దానంతటదే తెరుచుకునే ఏర్పాటు ఉండాలి.

తయారీదారులు ఎంచుకున్న పరిష్కారం ముచ్చటైనది. టీ ఆకారంలో, చిన్న వేళ్లు పట్టేంత ప్లాస్టిక్ పిడి. దాని రంగు లేత పసుపాకుపచ్చ. ఆ ప్లాస్టిక్కులో కలిపిన పదార్థం డిక్కీ తెరిచి ఉన్నప్పుడు పడిన వెలుతురును పట్టి ఉంచుకుని, మూత పడ్డాక గంటల తరబడి మెల్లగా వెదజల్లుతుంది. కరెంటు అక్కర్లేదు, బల్బు మాడిపోయే బాధ లేదు. పిడి మీద అక్షరాలకు బదులు తెరిచిన డిక్కీలోంచి దూకుతున్న మనిషి బొమ్మ, ఒక బాణం గుర్తు ఉంటాయి. చదువు రానివారికి కూడా అర్థం కావాలన్నది ఉద్దేశం. శాలిబండలో రాజా రాయ్ రాయన్ దేవిడీ గడియార స్తంభం మీద వేర్వేరు లిపుల్లో అంకెలు వేయించినవారిదీ ఇలాంటి పట్టింపే: చూసేవాడు ఏ భాషవాడైనా సమయం తెలియాలి. ఫెన్నెల్ స్థాపించిన సంస్థ, ఇలాంటి పిడి ఉన్న కారు డిక్కీలో చిక్కుకుని ఎవరైనా చనిపోయినట్టు తమ దృష్టికి ఒక్క ఘటనా రాలేదని చెబుతూ వస్తోంది. కొన్ని రూపాయల ప్లాస్టిక్ చేసిన పనికి ఇది అరుదైన ఫలితం.

అయితే అమెరికా అనుభవాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికిస్తే సగం విషయమే తేలుతుంది, ఎందుకంటే తెలుగునాట పిల్లల ప్రాణాలు తీసింది ఎక్కువగా డిక్కీ కాదు, మామూలు తలుపులే. 2025 ఏప్రిల్ 14న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో నాలుగు, ఐదేళ్ల వయసున్న ఇద్దరు ఆడపిల్లలు ఆగి ఉన్న కారులోకి ఎక్కి, బయటికి రాలేక చనిపోయారు. నెల తిరిగేసరికి మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకోవడానికి వెళ్లిన నలుగురు పిల్లలు ఇలాగే ఆగి ఉన్న కారులో ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు తెల్లవారాక చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, ఇరుకైన ఒకే ఒక్క దారి ఉన్న పాత భవనంలో మంటలు లేచి 17 మంది మరణించారు, వారిలో 8 మంది పిల్లలు. ఇల్లూ కారూ వేర్వేరు సంగతులే, కానీ ఆ ఒక్క ఆదివారం రెండు చోట్లా జరిగింది ఒకటే: లోపలికి వెళ్లే దారి ఉంది, బయటికి వచ్చే రెండో దారి లేదు.

కార్లలో పిల్లలు చనిపోయిన వార్తలు రాసేటప్పుడు పత్రికలు ఊపిరాడక చనిపోయారని రాస్తాయి. ఈ మాట వల్ల జనం జాగ్రత్తలు దారి తప్పుతున్నాయి. కారు లోపలి గాలి రెండు వేల లీటర్ల పైమాటే. చిన్నపిల్లలు పీల్చే గాలికి అది గంటల తరబడి సరిపోతుంది. ముందుగా ప్రాణం తీసేది వేడి. అద్దాల్లోంచి వచ్చిన ఎండ సీట్లనూ డాష్‌బోర్డునూ కాలుస్తుంది, ఆ వేడి బయటికి పోదు. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, బయట మరీ వేడి లేని రోజుల్లో కూడా ఆగి ఉన్న కారులో ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే జరిగిపోతుంది. అద్దం కాస్త దించి ఉంచినా తేడా నామమాత్రమే. ఇక మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. పసివాళ్ల ఒళ్లు పెద్దల ఒంటికన్నా కొన్ని రెట్ల వేగంగా వేడెక్కుతుంది. కాబట్టి అద్దం రెండంగుళాలు దించి వెళ్లాం గదా అన్న ధీమా పనికిరాదు, కాసేపటికి వెతుక్కోవచ్చులే అన్న ధీమా అంతకన్నా పనికిరాదు. చేతిలో ఉన్న సమయం నిమిషాల్లోనే.

తాళం వేయని కారులోకి ఎక్కిన పిల్లలు అదే తలుపు తీసుకుని ఎందుకు రాలేరు? వెనక తలుపు అంచున, తలుపు తెరిస్తే తప్ప కనబడని చోట, గోరంత మీట ఉంటుంది. దాన్ని చైల్డ్ లాక్ అంటారు. అది వేసి ఉంటే లోపలి హ్యాండిల్ ఎంత లాగినా గొళ్లెంతో దానికి సంబంధం ఉండదు, బయట నుంచి మాత్రం తలుపు వస్తుంది. పిల్లలు ఎక్కేటప్పుడు తెరుచుకున్న తలుపే, దిగేటప్పుడు మొండికేస్తుంది. పైగా చాలా కార్లలో లాక్ బటను ఒకసారి నొక్కితే నాలుగు తలుపులూ పడిపోతాయి. ఆటలో ఏ చిన్న వేలో దాన్ని నొక్కితే చాలు. కదిలే కారులోంచి పిల్లలు పడిపోకుండా చూడడానికి చైల్డ్ లాక్ పుట్టింది, ఆ పని అది నిక్కచ్చిగా చేస్తుంది. కారు ఆగి ఉందా, నడుస్తోందా, లోపల పెద్దవాళ్లు ఉన్నారా అన్నది మాత్రం దానికి తెలియదు. పిల్లలను కాపాడడానికి పెట్టిన ఏర్పాటే ఎండలో ఆగిన కారులో వాళ్లను బంధిస్తోంది. కార్ల డిజైన్లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే నిర్ణయం ఇదే.

మన నియమాలు ఈ సమస్యను బొత్తిగా పట్టించుకోలేదనడం అన్యాయం. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటుబెల్టు హెచ్చరిక, వేగపు హెచ్చరిక, రివర్స్ సెన్సర్లతో పాటు, సెంట్రల్ లాకును చేత్తో విడిపించుకునే ఏర్పాటు కూడా తప్పనిసరి చేశారు. బ్యాటరీ పోయినా, వైర్లు తెగినా లోపలి మనిషి తలుపు తీసుకోగలగాలన్నది దాని ఉద్దేశం. ట్యాక్సీల్లో చైల్డ్ లాక్ ఉండకూడదన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. మహిళా ప్రయాణికుల భద్రత దాని వెనక ఉన్న ఆలోచన. ఈ రెండూ సరైన దిశలో పడిన అడుగులే. కానీ రెండూ లోపలి మనిషిని పెద్దవాడిగా, తలుపు సంగతి తెలిసినవాడిగా ఊహించుకున్నాయి. సొంత కార్ల చైల్డ్ లాక్ జోలికి అవి వెళ్లలేదు. డిక్కీకి లోపలి పిడి ఉండాలన్న నిబంధన మన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేరలేదు. మన రోడ్ల మీద తిరిగే ఖరీదైన విదేశీ సెడాన్లలో ఆ పసుపాకుపచ్చ పిడి తరచు కనబడుతుంది, అమెరికా కోసం చేసిందే ఇక్కడికీ వస్తుంది గనుక. దేశంలో ఎక్కువమంది కొనే కారుకు, ట్యాక్సీగా తిరిగే కారుకు ఆ భాగ్యం లేదు.

ఇంతలో తలుపులు కరెంటు మీద ఆధారపడడం పెరిగిపోతోంది. దీని ఫలితం ఎలా ఉంటుందో మనకు బస్సులు చూపించాయి. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కల్వర్టుకు గుద్దుకుని తగలబడి 45 మంది సజీవ దహనమయ్యారు. 2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కింద మోటారు సైకిలు ఇరుక్కుని నిప్పంటుకుంది. బస్సులో ఉన్నవారిలో 19 మంది చనిపోయారు. తలుపు తెరుచుకోలేదనీ, అద్దాలు పగలగొట్టుకుని దూకామనీ బతికినవారు చెప్పారు. మంట ముందుగా తినేసేది వైర్లనే. తలుపు ఆ వైర్ల మీదే ఆధారపడితే, ఎప్పుడు తెరుచుకోవాలో సరిగ్గా అప్పుడే అది మొరాయిస్తుంది. కార్లలోనూ ఇదే పోకడ. టెస్లా మోడల్ 3 తొలి ఏళ్ల కార్లలో చేత్తో లాగే విడుపు ముందు తలుపులకే ఉండేది, వెనక తలుపులకు లేదు. తర్వాత కొన్ని మోడళ్లలో వెనక కూడా పెట్టినా, తలుపు అరలో మూత కింద దాచారు. మంటల్లో ఉన్న మనిషి అర ఖాళీ చేసి, మూత ఊడదీసి, తీగ వెతుక్కోవాలన్న మాట. 2025 సెప్టెంబరులో అమెరికా భద్రతా సంస్థ మోడల్ వై తలుపుల మీద విచారణ మొదలుపెట్టింది. అదే నెలలో చైనా ప్రభుత్వం, తలుపుకు లోపలా బయటా మెకానికల్ హ్యాండిల్ ఉండి తీరాలంటూ ముసాయిదా ప్రమాణం విడుదల చేసింది. బాడీలోకి ముడుచుకుపోయే హ్యాండిళ్లు మన దగ్గర కూడా మహీంద్రా ఎక్స్‌యూవీ 700 నుంచి టాటా కర్వ్ దాకా ఫ్యాషనైపోయాయి. బయట నుంచి కాపాడబోయేవాడి చేతికి పట్టు దొరుకుతుందా అన్నది అమ్మకాల బ్రోచరులో ఉండదు.

ప్రతి కారుకూ లోపలి నుంచి విడుపు తప్పనిసరి చేయాలంటే వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి కావు. మన దగ్గర హ్యాచ్‌బ్యాకులు, ఎస్‌యూవీలే ఎక్కువ, వాటిలో సామాను చోటూ సీట్ల చోటూ ఒకటే గనుక సీటు మీదుగా ఇవతలికి రావచ్చు అంటారు. అమెరికా ప్రమాణం కూడా ఈ కారణంతోనే, డిక్కీ మూతకు బదులు వెనక పైకి లేచే తలుపున్న కార్లను మినహాయించింది. ఒప్పుకోవాల్సిందే, కానీ సీటు మీదుగా రావడం వల్ల పిల్లవాడు చేరేది చైల్డ్ లాక్ వేసిన వెనక సీటుకే. ఇక ట్యాక్సీలుగా తిరిగే పొట్టి సెడాన్లలో సిలిండరు అడ్డం ఉంటే ఆ దారీ లేదు. డిక్కీ లోపల పిడి పెడితే సామాను తగిలి మూత దానంతటదే తెరుచుకుంటుందన్నది రెండో మాట. పిడిని మూతకు లోపలి వైపున, సామాను తగలని ఎత్తులో వేలాడదీస్తారు గనుక, పాతికేళ్ల వాడకంలో అది పెద్ద సమస్యగా మారలేదు. ముందు భాగంలో ఉన్న డిక్కీ విషయంలో ప్రమాణం ఇంకాస్త జాగ్రత్త పడింది: కారు వేగంగా వెళ్తుంటే మొదటి గొళ్లెమే విడుతుంది, రెండోది పట్టి ఉంచుతుంది. మూడేళ్ల పిల్లకు పిడి లాగాలని ఏం తెలుసు అని అడిగేవారికి 1958 నాటి ఆ ప్రయోగమే జవాబు. కొందరు పిల్లలు ఏ ప్రయత్నమూ చేయరన్నది నిజం. ప్రయత్నించే మిగతావాళ్లకు దారి ఉండకూడదన్న నిర్ణయానికి అది ఆధారం కాదు.

ఎక్కువగా వినబడే అభ్యంతరం తల్లిదండ్రుల నిర్లక్ష్యం గురించి. కారుకు తాళం వేసుకోవాలి, పిల్లల మీద ఓ కన్నేసి ఉంచాలి, దానికి కంపెనీ ఏం చేస్తుంది అంటారు. తాళం వేసుకోవాలన్న సలహా వంద శాతం సరైనదే. కానీ పాతబస్తీ గల్లీల్లో గానీ, ద్వారపూడి లాంటి ఊళ్లలో గానీ కారు ఆగేది కాంపౌండు లోపల కాదు, పిల్లలు ఆడుకునే చోటే. ఎవరి కారో, ఎవరి పిల్లలో. పిల్లల తల్లికి ఆ కారు తాళం మీద అధికారం ఉండదు, కారు యజమానికి ఆ పిల్లలు ఎక్కుతారని తెలియదు. అమెరికాలో 1998 నుంచి ఏటా సగటున 37 మంది దాకా పిల్లలు కార్లలో వేడికి చనిపోతున్నారు, వారిలో సుమారు నాలుగో వంతు వాళ్లంతట వాళ్లే ఎక్కినవాళ్లు. అన్ని ప్రచారాల తర్వాత కూడా ఆ సంఖ్య సున్నా కాలేదంటే మనిషి జాగ్రత్తకు ఒక హద్దు ఉందన్నమాట. ఫ్రిజ్ విషయంలో తల్లులను తిట్టి ఊరుకోలేదు, గొళ్లెం మార్చారు. యూరప్‌లో కార్లకు భద్రతా మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి, లోపల పిల్లలున్నట్టు పసిగట్టే సెన్సరుకు మార్కులు ఇస్తోంది. మంచిదే, కానీ ఆ సెన్సరు ఖరీదైన కార్ల నుంచి పదేళ్ల పాత సెకండ్ హ్యాండ్ కారుకు దిగివచ్చే నాటికి చాలా వేసవులు గడుస్తాయి.

చైల్డ్ లాక్‌ను తీసేయమని ఎవరూ అడగడం లేదు. ఇంజను ఆగి, హ్యాండ్‌బ్రేకు పడ్డాక దానంతటదే విడిపోయే చైల్డ్ లాక్ చేయడం ఇప్పుడున్న నైపుణ్యంతో కష్టమైన పని కాదు. ఎలక్ట్రిక్ చైల్డ్ లాకులు ఇప్పటికే కొన్ని కార్లలో డ్రైవరు బటనుతో పనిచేస్తున్నాయి. అయితే అందులో ఒక షరతు గట్టిగా రాయాలి: కరెంటు పోతే లాక్ పడిపోకూడదు, విడిపోవాలి. లిఫ్టు తాడు తెగితే బ్రేకు తనంతట తానే పట్టుకునే సూత్రమే ఇదీ. దీనికి తోడు డిక్కీ ఉన్న ప్రతి కారుకూ చీకట్లో మెరిసే పిడి, ప్రతి తలుపుకూ దాచకుండా కంటికి కనబడే మెకానికల్ విడుపు ఉండాలంటే, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. 2019లో అమల్లోకి వచ్చిన సెంట్రల్ లాక్ ప్రమాణానికే మరో రెండు మూడు వాక్యాలు కలపాలి. సీఎన్‌జీ సిలిండరు బిగించిన డిక్కీకి ఆ పిడి మరీ ముఖ్యం.

ఆ వాక్యాలు చేరేదాకా ఇప్పటికే రోడ్డు మీదున్న కార్లతో బతకాలి గనుక, ఉన్న కారులో దారులేమిటో తెలుసుకుని ఉండడం అవసరం. చైల్డ్ లాక్ వెనక తలుపులకే ఉంటుంది. ముందు సీట్లలోకి దూకి ముందు తలుపు హ్యాండిల్ లాగితే చాలా కార్లలో లాక్ కూడా దాంతోపాటే విడుతుంది, కొన్నిటిలో రెండుసార్లు లాగాలి. తాళంచెవి లేకపోయినా చాలా కార్లలో హారన్ మోగుతుంది. ఎదిగే పిల్లలకు ఈ రెండు విషయాలూ ఆటలా నేర్పవచ్చు. సెడాన్ అయితే వెనక సీటు మడిచే మీట డిక్కీ వైపు నుంచి అందుతుందో లేదో ఒకసారి చూసుకోవాలి. హ్యాచ్‌బ్యాకుల్లో పైకి లేచే వెనక తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ అట్టకు చాలాచోట్ల చిన్న మూత ఉంటుంది. దాన్ని ఊడదీస్తే స్క్రూడ్రైవరుతో గొళ్లెపు నాలుకను జరపవచ్చు. బ్యాటరీ డిక్కీలోనే ఉండి, డిక్కీకి కూడా కరెంటే కావాల్సిన కార్లలో ఎక్కడో ఒక తాళపు రంధ్రం దాగి ఉంటుంది. అది ఎక్కడుందో యజమానికి ముందే తెలిసి ఉండాలి. బయట నుంచి కాపాడాల్సి వస్తే కారు ముందరి అద్దం జోలికి పోకూడదు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నందువల్ల అది పగిలినా ఊడిరాదు. పక్క కిటికీ అద్దాన్ని మధ్యలో కాకుండా మూలన, మొనదేలిన వస్తువుతో కొడితే చాలా కార్లలో అది ముక్కలై రాలుతుంది. లోపల పిల్లలుంటే వాళ్లకు దూరంగా ఉన్న కిటికీనే ఎంచుకోవాలి.